మొదటి మూడు రోజులు రివ్యూలు ఆపమని అడగొద్దు: సూపర్‌హీరో సినిమాలు తీస్తున్న మన నిర్మాతలకి బహిరంగ లేఖ

నిర్మాత గార్లందరికీ నమస్కారం అండి.

మన దగ్గర సూపర్‌హీరో సినిమాలు ఇప్పుడిప్పుడే ఊపందుకుంటున్నాయి. 2024 సంక్రాంతికి హనుమాన్, 2025 సెప్టెంబర్‌లో మిరాయ్, ఇంకా లైన్లో ఉన్నవి చాలానే ఉన్నాయి. సరిగ్గా ఈ టైమ్‌లో "రిలీజైన మొదటి మూడు రోజులు రివ్యూలు ఆపెయ్యాలి" అనే మాట ఇండస్ట్రీలో మళ్ళీ మళ్ళీ వినబడుతుంటే నాకు నిజంగా భయం వేస్తోంది, అందుకే ఈ లెటర్. తమిళ నిర్మాతల మండలి అయితే 2024లో ఇదే అడుగుతూ మద్రాస్ హైకోర్టు దాకా వెళ్ళింది. మన నిర్మాతల ఫిల్మ్ ఛాంబర్ కూడా అదే దారిలో వెళ్తుందేమో అని నా భయం. దయచేసి వెళ్ళకండి. ముఖ్యంగా సూపర్‌హీరో సినిమాలు తీసేవాళ్ళు అస్సలు వెళ్ళకండి, ఎందుకంటే ఆ మూడు రోజులు నోరు కట్టేస్తే ముందు నష్టపోయేది మీ సినిమాలే.

నేను ఇండస్ట్రీ మనిషిని కాదు. సినిమాలు చూస్తాను, కలెక్షన్స్ ఫాలో అవుతాను, మా పెదనాన్న గారి అబ్బాయి గోదావరి జిల్లాలో ఒక చిన్న టౌన్లో సింగిల్ స్క్రీన్ లీజుకి తీసుకుని నడుపుతాడు, కాబట్టి శుక్రవారం ఏం జరుగుతుందో సోమవారం ఏం జరుగుతుందో దగ్గర్నుంచే చూస్తూ వచ్చాను.

ముందు ఒక విషయం ఒప్పుకుందాం, మాస్ స్టార్ సినిమాకి సూపర్‌హీరో సినిమాకి ఓపెనింగ్ వచ్చే పద్ధతే వేరు. స్టార్ సినిమాకి టాక్‌తో సంబంధం లేకుండా మొదటి రోజు ఫ్యాన్స్ వస్తారు, ఫ్లెక్సీలు కట్టి పాలాభిషేకాలు చేసి మరీ వస్తారు, టాక్ బయటికి వచ్చేసరికే మొదటి రోజు బుకింగ్స్ అయిపోయి ఉంటాయి. సూపర్‌హీరో సినిమాలో చాలాసార్లు హీరో అంత పెద్ద స్టార్ కాదు, ఆ క్యారెక్టర్ కొత్తది, ఆ ప్రపంచం కొత్తది. జనానికి ఉండే అనుమానాలు రెండే రెండు, గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా. ఈ రెండిటికీ ట్రైలర్ సమాధానం చెప్పలేదు, ఎందుకంటే ట్రైలర్‌లో ఉన్న పది షాట్లు బాగుండి సినిమాలో మిగతావన్నీ తేలిపోయిన అనుభవం మనవాళ్ళకి చాలానే ఉంది. దానికి సమాధానం ముందు చూసినవాడే చెప్పాలి. ఆ చూసినవాడి నోరే మీరు మూసేద్దామంటున్నారు.

ఇప్పుడు హాలీవుడ్ సంగతికి వద్దాం, సూపర్‌హీరో సినిమాలకి రివ్యూల దెబ్బ అనే గొడవ అంతా మొదలైంది అక్కడే కాబట్టి. 2016 మార్చిలో బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్ వచ్చింది. రిలీజ్‌కి ముందే రివ్యూలు దారుణంగా వచ్చాయి, రివ్యూలన్నీ కలిపి లెక్కగట్టే రాటెన్ టొమాటోస్ అనే వెబ్‌సైట్‌లో పాజిటివ్ రివ్యూలు 30 శాతం లోపే ఉండిపోయాయి. మరి ఓపెనింగ్ ఆగిందా? ఆగలేదు. అమెరికాలో మొదటి వీకెండే 166 మిలియన్ డాలర్లు. అంటే బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ ఇద్దర్నీ ఒకే తెర మీద చూడాలనుకున్నవాళ్ళు రివ్యూలు చూసి ఇంట్లో కూర్చోలేదు, వెళ్ళి చూశారు. రెండో వీకెండ్ వచ్చేసరికి మాత్రం కలెక్షన్ 69 శాతం పడిపోయింది. ఆ పడిపోవడం క్రిటిక్ చేసింది కాదు, మొదటి మూడు రోజులు చూసి బయటికొచ్చిన జనమే చేశారు. అక్కడ సినిమాస్కోర్ అని ఒక సంస్థ ఉంది, మొదటి రోజు హాల్ నుంచి బయటికొచ్చే ప్రేక్షకులకి కార్డులిచ్చి గ్రేడ్ వెయ్యమంటుంది, డబ్బులు పెట్టి వచ్చినవాళ్ళు వేసే గ్రేడ్ కాబట్టి సాధారణంగా ఎక్కువే వస్తుంది, సూపర్‌హీరో సినిమాకి ఏ రావడం మామూలు. దీనికి బి వచ్చింది. క్రిటిక్స్ బుధవారం చెప్పిన మాటనే శుక్రవారం ప్రేక్షకుడు కొంచెం మర్యాదగా చెప్పాడు, అంతే తేడా. మొత్తం అమెరికా కలెక్షన్ 330 మిలియన్ల దగ్గర ఆగింది, అంటే సగం డబ్బు మొదటి వీకెండ్‌లోనే వచ్చేసింది, తర్వాత వారాల్లో నడిచింది ఇంకో సగమే.

దాని పక్కన వండర్ ఉమన్ పెట్టి చూడండి, 2017 జూన్. అదే స్టూడియో, అదే సిరీస్. హీరోయిన్ సెంట్రిక్ సూపర్‌హీరో సినిమా ఆడదు అని ట్రేడ్‌లో గట్టి నమ్మకం ఉన్న రోజులవి, పైగా అదే బ్యానర్ నుంచి వచ్చిన ముందు సినిమాలు చూసి జనం కాలిపోయి ఉన్నారు. రివ్యూలు రిలీజ్‌కి కొన్ని రోజుల ముందే వదిలారు, 90 శాతం పైన వచ్చింది. ఓపెనింగ్ 103 మిలియన్లు, బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్ కంటే అరవై మిలియన్లు తక్కువ, కానీ ఫైనల్‌గా అమెరికాలో 412 మిలియన్లు చేసింది. ఓపెనింగ్‌కి నాలుగింతలు! వెళ్దామా వద్దా అని ఊగిసలాడుతున్న ఇంటిల్లిపాదికి ఆ ముందస్తు రివ్యూలే పరవాలేదు వెళ్ళండి అన్నాయి, తర్వాత చూసినవాళ్ళు పక్కింటివాళ్ళకి చెప్పారు, అలా వారాల తరబడి నడిచింది. మీ సినిమా కూడా ఇలాంటిదే కదండీ, కొత్త హీరో, కొత్త క్యారెక్టర్, జనంలో సగం నమ్మకం సగం అనుమానం. ఆ అనుమానం తీర్చే పని రివ్యూ ఫ్రీగా చేస్తుంది.

మరి రివ్యూలు బాలేకపోయినా ఆడిన సినిమాలు లేవా అంటే ఉన్నాయి. 2018లో వెనమ్‌కి రాటెన్ టొమాటోస్‌లో దాదాపు 30 శాతం, ప్రపంచవ్యాప్తంగా 850 మిలియన్లు దాటింది. క్రిటిక్స్‌కి నచ్చని సరదా ఏదో ప్రేక్షకుడికి నచ్చింది, రివ్యూలు దాన్ని ఏమీ చెయ్యలేకపోయాయి. రివర్స్‌లో 2025 మే నెలలో వచ్చిన థండర్‌బోల్ట్స్ చూడండి, రివ్యూలు 88 శాతం, ప్రేక్షకుల గ్రేడ్ కూడా ఏ మైనస్, అయినా మొత్తం 382 మిలియన్ల దగ్గరే ఆగిపోయింది, మార్వెల్ స్థాయికి అది చాలా తక్కువ. నా ఉద్దేశంలో ఆ సినిమా తప్పు ఏమీ లేదు, దానికి ముందు వచ్చిన సినిమాలు పోగొట్టిన నమ్మకానికి ఇది మూల్యం కట్టింది. క్రిటిక్ దేవుడూ కాదు దెయ్యమూ కాదు, అతను ఏం చెప్పినా జనం దాన్ని తమ పాత అనుభవంతో కలిపి చూసుకుంటారు.

ఈ "ముందు సినిమా అప్పు" అనే పాయింట్ దగ్గర కాసేపు ఆగమని బతిమాలుతున్నా, ఎందుకంటే మూడు రోజుల బ్యాన్ అడిగేవాళ్ళ లెక్కలో ఇది ఎక్కడా కనబడదు. ఒప్పుకుంటా, మూడు రోజులు టాక్ బయటికి రాకుండా ఆపగలిగితే ఒక బాలేని సినిమాకి ఇంకొంత డబ్బు రావచ్చు. దీని మీద అమెరికాలో రీసెర్చ్ కూడా ఉంది, బ్రౌన్, కామెరర్, లొవాలో అనే ముగ్గురు ప్రొఫెసర్లు 2012లో పేపర్ రాశారు, క్రిటిక్స్‌కి ముందు చూపించకుండా నేరుగా రిలీజ్ చేసిన సినిమాలకి అక్కడి కలెక్షన్ 10 నుంచి 30 శాతం దాకా ఎక్కువ వచ్చిందని తేల్చారు. మీ పక్కన ఉన్నవాళ్ళు ఇది చూపించి చూశారా సార్ అంటారు. కానీ అదే పేపర్‌లో ఇంకోటి కూడా ఉంది, అలా దాచి వదిలిన సినిమాల మీద తర్వాత ప్రేక్షకులే తక్కువ రేటింగులు వేశారు, అంటే ఏదో బాగుంటుందనుకుని వచ్చి నిరాశపడ్డారు. పైగా అవి 2000ల దశకం సినిమాలు, అప్పుడు హాల్లో కూర్చుని ఫోన్లో టాక్ పెట్టే అలవాటు ఇప్పటిలా లేదు. ఇప్పుడు అమెరికాలో ఇంటర్వెల్ పడే టైమ్‌కే మన ఊళ్ళో తెలిసిపోతుంది.

ఆ నిరాశపడ్డ ప్రేక్షకుడు ఏం చేస్తాడో జస్టిస్ లీగ్ దగ్గర కనబడింది. 2017 నవంబర్‌లో ఆ సినిమా వచ్చినప్పుడు రాటెన్ టొమాటోస్ స్కోర్‌ని మామూలుగా రివ్యూలు రాగానే చూపించకుండా తమ కొత్త ఆన్‌లైన్ షోలో చెబుతామని ఆపి, రిలీజ్ ముందు రోజు దాకా బయటపెట్టలేదు. ఆ సైట్‌లో, ఈ సినిమా తీసిన వార్నర్ కంపెనీకి మైనారిటీ వాటా ఉండటంతో పెద్ద దుమారమే రేగింది, సైట్ వాళ్ళు మాత్రం దానికీ దీనికీ సంబంధం లేదన్నారు. సంబంధం ఉన్నా లేకపోయినా స్కోర్ ఆగింది కదా, మరి ఓపెనింగ్ పెరిగిందా? 94 మిలియన్లు కూడా రాలేదు. బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్, వండర్ ఉమన్, ఫ్లాష్, ఆక్వామ్యాన్ అందరూ కలిసి ఉన్న సినిమాకి, అందులో ఇద్దరే ప్రధానంగా ఉన్న పాత సినిమా కంటే డెబ్భై మిలియన్లు తక్కువ! పాత సినిమాకి పడ్డ టాక్ తాలూకు దెబ్బ ఆ రోజు కట్టాల్సి వచ్చింది. మార్వెల్‌కీ ఇదే జరిగింది, 2023 ఫిబ్రవరిలో యాంట్‌మ్యాన్ మూడో భాగం 106 మిలియన్లతో ఓపెన్ అయ్యి రెండో వారం దాదాపు 70 శాతం పడింది, అదే ఏడాది నవంబర్‌లో వచ్చిన ద మార్వెల్స్ 46 మిలియన్లతో మొదలైంది, మార్వెల్ స్టూడియోస్ ఈ సిరీస్‌లో అప్పటిదాకా అంత తక్కువ ఓపెనింగ్ ఎప్పుడూ చూడలేదు. మీరందరూ యూనివర్స్‌లు ప్లాన్ చేస్తున్నారు, పార్ట్ టూ పార్ట్ త్రీ అనౌన్స్ చేస్తున్నారు, మొదటి పార్ట్ చివర్లో లీడ్ ఇస్తున్నారు. యూనివర్స్ కట్టేవాడికి మూడు రోజుల కలెక్షన్ కంటే మూడేళ్ళ తర్వాత వచ్చే సినిమాకి జనం పెట్టుకునే నమ్మకం ముఖ్యం కాదా అండి?

ఇంకో పక్కన పాజిటివ్ టాక్‌ని ముందే పుట్టిద్దాం అనే ఆలోచన కూడా ఉంది, అది కూడా పనిచెయ్యలేదు. 2023లో ద ఫ్లాష్ సినిమాని రిలీజ్‌కి దాదాపు ఏడు వారాల ముందే, ఏప్రిల్‌లో లాస్ వేగాస్‌లో థియేటర్ ఓనర్ల సమావేశంలో పూర్తిగా వేసి చూపించారు. కంపెనీ సీఈవోనే తను చూసిన సూపర్‌హీరో సినిమాల్లో ఇదే బెస్ట్ అన్నారు, పెద్ద పెద్ద పేర్లు మెచ్చుకున్నాయని వార్తలొచ్చాయి. జూన్‌లో అసలు రివ్యూలు వస్తే రాటెన్ టొమాటోస్‌లో అరవై పై శాతం దగ్గరే ఆగాయి, గ్రాఫిక్స్ మీద గట్టిగానే విమర్శలు పడ్డాయి, ఓపెనింగ్ 55 మిలియన్లు, మొత్తం ప్రపంచమంతా కలిపి 270 మిలియన్ల చుట్టుపక్కల. ఇంత ఎత్తు చూపించి అక్కడి నుంచి పడేసరికి మామూలుగా ఉన్న సినిమా కూడా బాలేదనిపించింది జనానికి. మన దగ్గర రిలీజ్‌కి వారం ముందు "సెన్సార్ టాక్ అదిరింది" అని, "ఇన్‌సైడ్ టాక్ బ్లాక్‌బస్టర్" అని వేయించే పోస్టులు కూడా ఇదే పని చేస్తున్నాయండి, దయచేసి ఆపించండి.

ముందే చూపిస్తే నష్టపోయే సినిమాలు ఉంటాయా అంటే ఉంటాయి, నేను కాదనను. జోకర్ రెండో భాగాన్ని 2024 సెప్టెంబర్‌లో వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో నెల ముందు వేశారు, మొదటి భాగానికి అక్కడి పెద్ద అవార్డు గోల్డెన్ లయన్ వచ్చింది కదా అని. ఈసారి రివ్యూలు చల్లగా వచ్చాయి, ఆ నెలంతా టాక్ పడిపోతూనే ఉంది, ఓపెనింగ్ 38 మిలియన్లు కూడా దాటలేదు, మొదటి భాగానికి 96 వచ్చింది. కానీ ఆ మొదటి వీకెండ్ చూసినవాళ్ళు సినిమాస్కోర్‌లో వేసిన గ్రేడ్ డి. కామిక్స్ సినిమాలకి అంత కింద గ్రేడ్ దాదాపు రాదు. అంటే రివ్యూలు లేకపోయినా శనివారం మధ్యాహ్నానికల్లా అదే ఫలితం, ఒక రోజు అటూ ఇటూ అంతే.

ఈ విషయం మీద రీసెర్చ్ ఇంకా పాతది కూడా ఉంది. 1997లో ఎలియాష్‌బర్గ్, షుగన్ అని ఇద్దరు రాసిన పేపర్ ఏం తేల్చిందంటే, రివ్యూలకి మొదటి వారాల కలెక్షన్స్‌తో పెద్దగా లింకు లేదు, తర్వాత వారాలతో, మొత్తం కలెక్షన్‌తో లింకు ఉంది, అంటే క్రిటిక్ సినిమాని నడిపించడం లేదు, అది ఎక్కడ ఆగుతుందో ముందే చెబుతున్నాడు అని. 2003లో బసురోయ్, చటర్జీ, రవిద్ అనేవాళ్ళు దాన్ని కొంచెం సరిచేశారు, మొదటి వారంలో నెగటివ్ రివ్యూ చేసే చెడు, పాజిటివ్ రివ్యూ చేసే మంచి కంటే ఎక్కువ అన్నారు, కాకపోతే పెద్ద స్టార్, పెద్ద బడ్జెట్ ఉంటే ఆ చెడు కొంత తగ్గుతుందని కూడా చెప్పారు. నాకు ఈ రెండోది ముఖ్యం అనిపిస్తుంది. స్టార్ లేని సూపర్‌హీరో సినిమాకి ఆ గొడుగు లేదు, అందుకే మీకు రివ్యూలంటే అంత భయం, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ భయానికి మందు గ్రాఫిక్స్ పూర్తయ్యేదాకా డేట్ వేయకపోవడం. ఓటీటీ డీల్ కోసమో పండగ డేట్ కోసమో సగం రెండర్ అయిన షాట్లతో వచ్చి రివ్యూయర్ మీద పడితే ఎలా?

ఇప్పుడు నాకు దగ్గరగా తెలిసిన సంగతి ఒకటి చెప్తాను.

2024 సంక్రాంతికి నేను ఊళ్ళోనే ఉన్నా. హనుమాన్ రిలీజ్ జనవరి 12, అదే రోజు పెద్ద స్టార్ సినిమా, ఆ వెంటనే ఇంకో రెండు. హైదరాబాద్‌లోనే ఆ సినిమాకి థియేటర్లు సరిగ్గా దొరకలేదని ఎంత గొడవ జరిగిందో మీకు నాకంటే బాగా తెలుసు, ఆ పంచాయితీలు మీ దగ్గరికే వచ్చాయి. 11వ తారీఖు సాయంత్రం పెయిడ్ ప్రీమియర్లు వేశారు. మా అన్నయ్య థియేటర్లో కూడా రాత్రి షో పడింది. షోకి ముందు కౌంటర్ దగ్గర పెద్దగా ఎవరూ లేరు, ఈయన కొంచెం దిగులుగానే ఉన్నాడు, ఇంతలో సాయంత్రం షో పడ్డ ఊళ్ళ నుంచి టాక్ రావడం మొదలైంది, ఇంటర్వెల్ బాగుంది, క్లైమాక్స్ అదిరింది, పిల్లలు ఎగిరి గంతులేస్తున్నారు అని. గంటలో బైకుల మీద జనం. సైకిల్ స్టాండ్ కుర్రాడు టోకెన్లు చించి ఇస్తూ కనబడ్డ ప్రతివాడినీ "టాక్ ఏంటన్నా" అని అడుగుతున్నాడు, షో అయ్యాక అదే కుర్రాడు బయటికొచ్చే ప్రతివాడినీ ఆపి "ఎలా ఉందన్నా" అని అడిగి, ఆ చెప్పిందే పొద్దున్న మ్యాట్నీకి టికెట్లు ఉన్నాయా అని వచ్చినవాళ్ళకి చెబుతున్నాడు. ఒకావిడ చంకలో పిల్లాడితో గేటు దగ్గరే నిలబడి ఇంకొకావిడని అడిగింది, "భయపడే సీన్లు ఉన్నాయా వదినా" అని. లేవంది ఆవిడ. అంతే, రెండు రోజుల తర్వాత ఫస్ట్ షోకి ఆవిడ ఇంటిల్లిపాదీ లైన్లో ఉన్నారు.

ఏ హైకోర్టు ఆర్డర్ ఆ సైకిల్ స్టాండ్ దగ్గర పని చేస్తుంది చెప్పండి. మీరు ఆపగలిగేది పేరు పెట్టి, బాధ్యతగా, కారణాలు చెప్పి రాసే నలుగురు రివ్యూయర్లని మాత్రమే, పేరు లేకుండా "డిజాస్టర్" అని ఒక్క మాట పెట్టి పోయేవాడిని ఆపలేరు. అప్పుడు మిగిలేది వాడి మాటే.

హనుమాన్ దాదాపు నలభై కోట్ల బడ్జెట్‌లో తీశారని అప్పట్లో చెప్పారు, టికెట్ రేట్లు పెంచకుండా మామూలు రేట్లకే వేశారు, చివరికి ప్రపంచవ్యాప్తంగా రెండొందల యాభై కోట్ల గ్రాస్ దాటింది. పండగ అయ్యేలోపు థియేటర్లు వెతుక్కుంటూ దాని దగ్గరికే వచ్చాయి. అది ఆ సినిమా బాగుండటం వల్లే, నిజమే, కానీ బాగుందని జనానికి 12వ తారీఖు పొద్దున్నకే తెలియడం వల్ల కూడా. మూడు రోజుల బ్యాన్ ఉండి ఉంటే ఆ పండగ మూడు రోజులూ స్టార్ల పేర్లతోనే అయిపోయేవి, తర్వాత తెలిసి లాభం ఏముంది?

దీనికి పూర్తిగా వ్యతిరేకం కూడా మా అన్నయ్య చూశాడు. ఒక ఫాంటసీ సినిమా, పేరు వద్దు, టీజర్ చూసి జిల్లా బయ్యర్ కొన్నాడు, బయ్యర్‌కి కూడా సినిమా చూపించలేదు, ప్రీమియర్లు లేవు, ప్రెస్ షో లేదు. మా అన్నయ్య అడ్వాన్స్ కట్టాడు. మొదటి రోజు బాగానే వచ్చారు, రేటు పెంచిన టికెట్ కొనుక్కుని మరీ వచ్చారు, సెకండ్ హాఫ్‌లో ఈలలు వేసి గోల చేసి మా అన్నయ్యనే తిట్టి పోయారు, నిర్మాత కనబడడు కదా, కనబడేది గేటు దగ్గర నిలబడ్డ మనిషే. సోమవారం మ్యాట్నీకి ఏసీ వెయ్యడానికి కూడా కరెంటు ఖర్చు రాని పరిస్థితి. ఆ అడ్వాన్స్ వెనక్కి రావడానికి ఇంకో సినిమా మీద అడ్జస్ట్ చేస్తామన్నారు, ఆ ఇంకో సినిమా ఇంకా రాలేదు. రివ్యూలు ఆపితే బాగుపడేది ఎవరు, మునిగేది ఎవరు అనేది ఈ ఒక్క దాంట్లోనే ఉంది. టికెట్ రేటు పెంచే జీవో కోసం ప్రభుత్వం దగ్గరికి మీరే వెళ్తారు, ఆ పెంచిన రేటు పెట్టి నలుగురున్న కుటుంబం పాప్‌కార్న్‌తో కలిపి వేలల్లో ఖర్చు పెట్టాలా వద్దా అని ఆలోచించుకునే హక్కు వాళ్ళకి ఉండాలి కదా అండి.

మీ బాధల్లో నిజమైనవి కూడా ఉన్నాయి, వాటి దగ్గర నేను మీ వైపే. షో పడకముందే నెగటివ్ హ్యాష్‌ట్యాగ్‌లు, వేరే హీరో ఫ్యాన్స్ గుంపులుగా వచ్చి ఒకటి రేటింగులు కొట్టడం, సినిమా చూడకుండానే ఫస్ట్ రివ్యూ అని పెట్టేవాళ్ళు, డబ్బులిస్తే ఒకటి ఇవ్వకపోతే ఒకటి రాస్తామని ఫోన్లు చేసేవాళ్ళు. ఇది రివ్యూ కాదు, దీన్ని ఎవరూ సమర్థించరు. కానీ దీనికి మందు వేరే ఉంది. 2019లో కెప్టెన్ మార్వెల్ రిలీజ్‌కి ముందే వేల మంది సినిమా చూడకుండా వచ్చి దాన్ని తొక్కాలని చూశారు. రాటెన్ టొమాటోస్ ఏం చేసిందంటే, రిలీజ్‌కి ముందు ప్రేక్షకులు కామెంట్లు పెట్టే సౌకర్యం తీసేసింది, ఆ తర్వాత మే నెలలో టికెట్ కొన్నట్టు రుజువున్నవాళ్ళ రేటింగులని విడిగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. క్రిటిక్స్ నోరు మాత్రం ఎవరూ ముయ్యలేదు. ఆ సినిమా 1.1 బిలియన్ డాలర్లు దాటింది. మీరు కూడా టికెట్ యాప్‌ల మీద ఒత్తిడి తెండి, టికెట్ స్కాన్ అయ్యి షో పూర్తయిన టైమ్ తర్వాతే రేటింగ్ వెయ్యనివ్వమనండి. డబ్బులడిగేవాడి మీద కంప్లైంట్ ఇవ్వండి, స్క్రీన్‌షాట్‌తో సహా బయటపెట్టండి. మూడు రోజుల బ్యాన్ కంటే ఇది కష్టం, తెలుసు, కానీ ఇది న్యాయంగా ఉంటుంది.

రేటింగ్ నంబర్ గురించి కూడా ఒక్క మాట. రాటెన్ టొమాటోస్‌లో 80 శాతం అంటే సినిమాకి వందకి ఎనభై మార్కులని కాదు, వందలో ఎనభై మంది రివ్యూయర్లు మొత్తం మీద పాజిటివ్‌గా రాశారని. అందరూ పరవాలేదు అన్న సినిమాకి కూడా వంద శాతం రావచ్చు. మన దగ్గర ఐదుకి 2.75 వేస్తే ఆ పావు మార్కు కోసం యుద్ధాలు, మూడు వేస్తే లోగో పెట్టి పోస్టర్, రెండున్నర వేస్తే రివ్యూయర్ అమ్ముడుపోయాడు. పోస్టర్ మీద రేటింగులు వేసుకునేది మీరే, బాగున్నప్పుడు వాళ్ళ పేరు వాడుకుని బాగాలేనప్పుడు వాళ్ళని తిడితే జనం గమనిస్తారు. రేటింగ్ కింద రాసినది చదవండి, సెకండ్ హాఫ్‌లో విలన్ ట్రాక్ తేలిపోయింది, ఫైట్‌లో బరువు కనబడలేదు అని పది మంది రాస్తే అది మీ పార్ట్ టూకి ఉచితంగా వచ్చిన నోట్స్.

కాబట్టి నేను అడిగేది ఇవి. సూపర్‌హీరో సినిమా అయితే ముందు రోజు సాయంత్రం ప్రీమియర్లు వెయ్యండి, హైదరాబాద్ మల్టీప్లెక్సుల్లో, డల్లాస్‌లో వేస్తే సరిపోదు, రాజమండ్రిలో, ఖమ్మంలో, కర్నూల్లో కూడా వెయ్యండి, పిల్లలున్న కుటుంబాలు వచ్చే టైమ్‌కి వెయ్యండి. ఆ షోలకి రేటు పెంచకండి. రివ్యూయర్లకి కవర్లు, గిఫ్టులు ఏవీ పంపకండి, టికెట్ కొనుక్కుని రానివ్వండి. బయ్యర్‌కి, ఎగ్జిబిటర్‌కి అడ్వాన్స్ తీసుకునే ముందు సినిమా చూపించండి. గ్రాఫిక్స్ అవ్వకపోతే డేట్ మార్చండి, ఆ రోజు రెండు రోజులు తిట్టుకుంటాం, తర్వాత మర్చిపోతాం.

ఈసారి ఛాంబర్ మీటింగ్‌లో ఈ మూడు రోజుల టాపిక్ వచ్చినప్పుడు, రివ్యూల వల్ల బతికిన సినిమా తీసినవాళ్ళు కూడా ఆ రూమ్‌లోనే ఉంటారు. వాళ్ళలో ఒక్కరైనా లేచి ఇది వద్దు అని చెప్పండి, చెప్పింది బయటికి కూడా తెలియనివ్వండి.

ఇట్లు,
మొదటి రోజు టికెట్ కొని చూసే ఒక తెలుగు ప్రేక్షకుడు